పట్టుపోగుతో కుట్టిన బొంత

వానలు తగ్గి ఎండ మళ్లీ గట్టిపడే రోజుల్లో హిందూపురంలోని మా ఇంటి మిద్దె మీద బొంతలన్నీ పరుస్తాను. మధ్యాహ్నానికి వాటిలోంచి ఒక వాసన లేస్తుంది. సబ్బు వాసన కాదు, పెట్టెలో వేసిన వేపాకు వాసనా కాదు. ఏళ్ల తరబడి ఒంటి మీద నలిగి మెత్తబడిన నూలు ఎండకు కాగితే వచ్చే వాసన అది. దాంట్లో కొంచెం గంజి ఉంటుంది, కొంచెం పొయ్యి పొగ ఉంటుంది, కొంచెం మనిషి ఉంటుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా ధర్మవరంలో మా వీధి అరుగు మీద కాళ్లు చాపుకుని, ఒళ్లో సగం కుట్టిన బొంత వేసుకుని, చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుని కూర్చున్న ఓబులవ్వ నాకు కనిపిస్తుంది. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు నేను తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు మరుపు తక్కువ. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో, అప్పుడు నేను ఏ చీర కట్టుకుని ఉన్నానో కూడా చెప్పగలను. బడిలో కుట్టుపనులు నేర్పే టీచరమ్మ నేను కుట్టిన రుమాలును అందరి ముందూ పైకెత్తి, ఇది రుమాలా చేపల వలా అని అడిగింది. పిల్లలందరూ నవ్వారు. ఆ రోజే ఇక సూది ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. పెళ్లయి పెనుకొండ నుంచి ధర్మవరం వచ్చినప్పుడు కూడా రవిక గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకున్నానే గాని సూది పట్టలేదు. అలాంటి నన్ను బొంత కుట్టడానికి కూర్చోబెట్టింది ముచ్చటా కాదు, పొదుపూ కాదు. పచ్చి కోపం.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, కడుపుతో ఏడో నెల. పందొమ్మిది వందల యాభైల చివర. నా చిన్నప్పుడే నాయన పోయాడు, పెళ్లికి ఏడాది ముందు అమ్మ జ్వరంతో పోయింది. పెనుకొండలో ఇక మిగిలింది అన్న, వదిన. మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. తొలి చూలు బిడ్డకు అమ్మమ్మ కట్టి విడిచిన చీరలతో బొంత కుట్టి, శ్రీమంతం నాడు పుట్టింటివాళ్లు తెస్తారు. ఎన్ని పళ్లు తెచ్చినా, ఎన్ని గాజులు తెచ్చినా అందరి చూపూ ఆ బొంత మీదే ఉంటుంది. అమ్మ లేకపోయినా అమ్మ చీరలు ఉన్నాయి. ఐదు చీరలు. అవి ఉన్న పెట్టె తాళంచెవి వదిన మొలలో ఉండేది.

శ్రీమంతానికి అన్న ఒక్కడే వచ్చాడు. అరటిపళ్లు తెచ్చాడు, గాజులు తెచ్చాడు, కొత్త చీర తెచ్చాడు. బొంత తేలేదు. వదిన ఏదని అడిగితే, ఒంట్లో బాగలేదని నేల చూస్తూ చెప్పాడు. తట్టలన్నీ చూసుకుంటూ వచ్చిన మా చిన్నత్త, అంటే మా మామ తమ్ముడి భార్య, పదిమంది ముందు నా వైపు తిరిగి, "ఏమ్మే సరస్వతీ, మీ పుట్టింట్లో పాతచీరలక్కూడా కరువొచ్చిందా?" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది.

ఆ సాయంత్రం అన్న నన్ను కాన్పుకు పెనుకొండ తీసుకుపోవడానికి సిద్ధమైతే, నేను రానన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పలేదు. అడిగి పెట్టించుకునేది బొంత ఎట్లా అవుతుందని నా లెక్క. మా అత్త నెత్తి కొట్టుకుంది, తొలి కాన్పు అత్తింట్లో చేస్తే లోకం ఏమనుకుంటుందని. మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్న నా భర్త ఇటు అత్తను చూసి, అటు నన్ను చూసి, మళ్లీ నాడె అందుకుని నేత సాగించాడు. అన్న ఒంటరిగా రైలెక్కిపోయాడు. తల్లీ తండ్రీ లేని పుట్టిల్లు అది. తొలి కాన్పుకే పోకపోతే ఆ గడప ఇక తొక్కేది ఉండదని నాకు తెలుసు. తెలిసే రానన్నాను. నా బిడ్డకు బొంత నేనే కుట్టుకుంటాను, దాన్ని చూసి వాళ్ల మొహాలు మాడిపోవాలి అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఓబులవ్వ దగ్గరికి పోయాను. మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేది. పుట్టింది కన్నడ సరిహద్దు రొళ్లలో, మెట్టింది హిందూపురంలో, మొగుడు పోయాక కొడుకు ధర్మవరంలో మగ్గం పనికి కుదిరితే అతనితో వచ్చేసింది. బాగా కోపం వస్తే కన్నడంలోకి మారిపోయేది. వీధిలో ఎవరింట్లో ఏ బొంత చూసినా ఆమె చేతిదో, ఆమె నేర్పించినవాళ్ల చేతిదో అయ్యుండేది. ఆమెకు ఒక పద్ధతి ఉండేది. నేర్చుకోవడానికి ఎవరొచ్చినా, సూది ఇచ్చే ముందు "ఏంటికొచ్చినావు?" అని అడిగేది. ఒకామె చలికాలం వస్తోందనేది. ఒకామె పాతగుడ్డలు పారేయలేక అనేది. ఇంకొకామె, కాళ్లు చాపుకుని కూర్చుంటే అత్త పని చెప్తుంది, బొంత ముందేసుకుంటే చెప్పదు అనేది. ఓబులవ్వ అన్నిటికీ తలూపేది, దేన్నీ నమ్మేది కాదు. రెండో వరస కుట్టేటప్పటికి అసలు సంగతి అదే బయటపడుతుందని ఆమె నమ్మకం.

నేను దాచలేదు. మా వదినకు బుద్ధి రావాలని, అన్నాను. ఆమె నా పొట్ట వైపు చూసి, నా మొహం వైపు చూసి నవ్వింది. "మంచిదే. కోపమున్నోళ్లు బొంత మద్దెలో ఇడిసిపెట్టరు" అని సూది చేతికిచ్చింది.

బొంత కుట్టడం చూడటానికి సులువు. గుడ్డలు ఒకదాని మీద ఒకటి ముడతల్లేకుండా పరచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ వరసలు వేసుకుంటూ నడిమికి వచ్చి, చివర నాలుగు మూలలూ మడిచి మూయడమే. కానీ వంగి కూర్చుని, అన్ని పొరల్లోంచి సూది దించి, మళ్లీ పైకి లాగితే మొదటిరోజే వేలి కొస వాచిపోయింది. నిండుపొట్టతో వంగలేను కాబట్టి ఓబులవ్వ నాకోసం అరుగు అంచున బొంత వేసి, నన్ను కింది మెట్టు మీద కూర్చోబెట్టేది. ఆమె దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఉండేవాళ్లు. అక్కడే ఒక సంగతి గమనించాను. మొహంలో మొహం పెట్టి ఎవరూ చెప్పుకోని మాటలు ఆ అరుగు మీద బయటికొచ్చేవి. మొగుడు మాట్లాడి నెల రోజులైందని ఒకామె, పోయిన బిడ్డ కలలోకొస్తోందని ఒకామె, సూది ఆపకుండా, తలెత్తకుండా చెప్పేవాళ్లు. వినేవాళ్లు కూడా తలెత్తేవాళ్లు కాదు. దీని గురించి ఒకసారి అడిగితే ఓబులవ్వ, "కండ్లు కిందకుంటే మాట పైకొస్తాది. అందుకే వస్తారు వీళ్లంతా. బొంతలు ఊరికే పుడతాండాయి" అంది.

నేను మాత్రం నా కష్టం చెప్పుకోలేదు, నా ఫిర్యాదు చెప్పుకున్నాను. వదిన పెళ్లిలో వాళ్లవాళ్లు నాకు చివరి పంక్తిలో ఆకు వేయించిన సంగతి, అమ్మ చీరల మీద తాళం వేసిన సంగతి, శ్రీమంతానికి రాని సంగతి వరసగా చెప్పాను. రోజుకొకటి కొత్తది గుర్తొచ్చేది. ఓబులవ్వ వినేది, మధ్యమధ్యలో "కుట్టు ఎడంగా ఎయ్యి, బిగించొద్దు" అనేది.

ఆమె బొంతల మీద చెయ్యి తిరిగాక, నా బొంతకు నావే రెండు పాత నూలుచీరలు పెట్టాను. మా అత్తను అడిగితే ఇచ్చేదే, కానీ ఎవరినీ అడగకూడదని పట్టుదల. దారం దగ్గర మాత్రం నేను ఓబులవ్వ మాట వినలేదు. ఆమె నూలుదారం తెచ్చుకోమంది. మా ఇంట్లో పట్టుమగ్గం. చీర కోసిన తర్వాత మగ్గం మీద కొన్ని పోగులు మిగిలిపోతాయి. కుంకుమ రంగువి, నెమలికంఠం రంగువి మూటలు మూటలుగా ఉండేవి. పట్టుతో కుట్టిన బొంత పెనుకొండలో ఎవరు చూసుంటారు? నాలుగు పోగులు కలిపి పేని, సూదికెక్కించి, ఇంట్లో కూర్చుని దగ్గర దగ్గరగా, బిగించి బిగించి కుట్టాను. ఇరవై రోజులు పట్టింది. తెల్లటి నూలు మీద కుంకుమ రంగు వరసలు మెరుస్తుంటే వీధి వీధంతా వచ్చి చూసింది. చిన్నత్త కూడా వచ్చి, వరసలు తడిమి చూసి వెళ్లిపోయింది. నా జీవితంలో అంత తృప్తిగా గడిచిన మధ్యాహ్నాలు ఎక్కువ లేవు.

ఓబులవ్వ బొంతను వెనక్కి తిప్పి చూసి, "బాగుండాది. ఉతుకు" అంది. బిడ్డ కింద పరిచేది ఏదైనా ఒకసారి ఉతికి ఎండబెట్టాలి కదా. బండ మీద రెండు దెబ్బలు కొట్టి జాడించి విప్పి చూశాను. దారం ఒక్క చోట కూడా తెగలేదు. గుడ్డే తెగింది. పట్టుపోగు వెళ్లిన ప్రతి వరస వెంటా నూలు కోసినట్టు చీలిపోయింది. వేలు పెడితే దూరిపోతోంది. నేను ఆ తడి గుడ్డల ముద్దను ఓబులవ్వ ముందు పడేసి, తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని ఆమె మీదే పడ్డాను.

"చెప్తే ఇంటివా?" అంది ఆమె. ఒక చీలికను వేళ్లతో ఎడం చేసి చూపించింది. "దారం గుడ్డకంటే గట్టిది కాగూడదమ్మే. లాగినప్పుడు దారమే తెగల్ల. దారం తెగితే మళ్లీ కుట్టుకుంటావు. గుడ్డ తెగితే ఏం చేస్తావు?"

ఆమె బొంత గురించే మాట్లాడింది. ఇంకో అర్థం పెట్టి మాట్లాడే మనిషి కాదు. అయినా ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇంటికెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. అందులో సగం బొంత కోసం, సగం ఆమె మాట నిజమైనందుకు.

ఆ వారమే ఓబులవ్వ తన కూతుర్ని చూడటానికి హిందూపురం పోయింది. నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చి, నేరుగా మా ఇంటికి వచ్చి, ఆకువక్క నోట్లో వేసుకుని కూర్చుంది. దారిలో పెనుకొండలో దిగానని చెప్పింది. ఎందుకు దిగావని అడిగితే, దాహమైందంది. స్టేషను నుంచి ఊళ్లోకి అంత దూరం నడిచి, ఇల్లు వెతుక్కుని, మా వదిన చేతి నీళ్లు తాగితే గాని తీరని దాహం.

"మీ వదిన బొంత కుట్టిండాది. పెట్టెలో ఉండాది. నా కండ్లతో చూసినా" అంది.

"మరి ఏంటికి పంపలేదంట?"

"ఆ మాట నేనేంటికి మోసుకొస్తా? ఆయమ్మ నోట్లో నాలుక ఉండాది. పోయి అడుగు."

నేనెందుకు పోవాలి, తప్పు వాళ్లదైతే వాళ్లే రావాలి అన్నాను. ఓబులవ్వ వాదించలేదు. లేచి చీర దులుపుకుని, గడప దగ్గర ఆగి, "తప్పు వాళ్లదేలే. కడుపు మాత్రం నీది. ఇంకో పదైదు దినాలు పోతే రైలెక్కేదానికి అయ్యేది లేదు" అని వెళ్లిపోయింది.

రెండు రోజులు బిగిసి కూర్చున్నాను. మూడో రోజు పొద్దున నా భర్తను మగ్గం గుంతలోంచి లేపి, పెనుకొండ పోదాం పద అన్నాను. అతను ఏమీ అడగకుండా చొక్కా తొడుక్కున్నాడు. ఆ ఒక్క సంగతిలో అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

జట్కా దిగి గడప ఎక్కుతూనే, కాళ్లకు నీళ్లు కూడా తీసుకోకుండా, "వదినా, నా బొంత యాడుంది?" అని అడిగాను. మావాళ్లు ఇప్పటికీ దీన్ని తలుచుకుని నవ్వుతారు. వదిన చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని కింద పెట్టి, పెట్టె తెరిచింది. ఒక పక్క అమ్మ చీరలు ఐదూ వేపాకు మధ్య మడత నలగకుండా ఉన్నాయి. ఇంకో పక్క ఒక బొంత. వదిన సొంత చీరలతో కుట్టింది. వరసలు మల్లెమొగ్గలు పేర్చినట్టు సమానంగా ఉన్నాయి. మూడు మూలలు మూసి ఉన్నాయి. నాలుగోది అట్లాగే తెరిచి ఉంది. ఎందుకు పంపలేదని అడిగాను. ఊరికే, అంది. ఇంకోసారి అడిగాను. పొయ్యి మీద పాలు పొంగుతాయని లోపలికి పోయింది. నేనేమో జవాబు వినకుండా కదిలే రకం కాదు. అప్పుడు నాకు ఓబులవ్వ అరుగు గుర్తొచ్చింది. బొంత తెచ్చి నడవలో పరిచి, సూదీ నూలుదారమూ అడిగి, తెరిచి ఉన్న మూల ముందు కూర్చున్నాను. కాసేపటికి వదిన వచ్చి నా ఎదురుగా కూర్చుని రెండో అంచు అందుకుంది. ఇద్దరం తల వంచుకుని కుట్టాం. ఒక వరస పూర్తయింది. రెండో వరస సగంలో ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

వదినది కదిరి దగ్గర పల్లె. వాళ్ల వైపు పోయినవాళ్ల గుడ్డ పసిబిడ్డ కింద పరచరట. అందుకని అమ్మ చీరలు ముట్టకుండా తనవే పెట్టి కుట్టింది. శ్రీమంతం నాటికి అంతా అయిపోయింది, ఒక్క మూల తప్ప. ముందురోజు పక్కింటామె వచ్చి చూసి, బిడ్డల్లేనామె చీరలా ఇవి అని ఒక మాట అనిపోయింది.

"నాకు పెండ్లయి ఐదేండ్లాయె, బిడ్డల్లేరు గదా సరస్వతీ. నా చీర మీద బిడ్డను పండబెడితే మీ అత్తోళ్లు ఏమంటారో అని..." వదిన సూది ఆపలేదు. "నేనొస్తే అంటారనే రాలేదు. బొంతొచ్చినా అంటారని మూల మూయలేదు."

చిన్నత్త మొహం నా కళ్ల ముందు కనిపించింది. అనేది. తప్పకుండా అనేది. నేను ధర్మవరంలో మెట్టు మీద కూర్చుని ఈ మనిషి మీద రోజుకొక నేరం మోపుతున్నప్పుడు, ఈమె ఇక్కడ ఈ తెరిచిన మూలను చూసుకుంటూ కూర్చుంది. నాకు జాలి వచ్చింది, దాంతోపాటే కోపమూ వచ్చింది. ఆ మాట ఒక కార్డు మీద రాసి పడేయొచ్చు కదా అన్నాను. "నువ్వు అడగొచ్చు గదా. రానని ఒక్క మాట మీ అన్న చేతిలో పెట్టి పంపిస్తివి" అంది ఆమె, మొదటిసారి గొంతు పెంచి. ఇద్దరం తలెత్తి ఒకర్నొకరు చూసుకున్నాం. అదే మేము చేసిన ఒకే ఒక్క పోట్లాట. దాని తర్వాత ఇద్దరికీ ఆకలేసింది.

అన్నం తిన్నాక వదినే పెట్టె దగ్గరికి పోయి, అమ్మ గచ్చకాయ రంగు చీర తీసి కాసేపు చేతిలో పట్టుకుంది. పైన వద్దు, బిడ్డకు తగలకుండా పొరల మధ్యలో పెడదామా అని అడిగింది. మా వైపు ఆచారం నిలిచింది, వాళ్ల వైపు భయమూ తీరింది. ఆమె కుట్టిన అన్ని వరసలూ విప్పి, అమ్మ చీరను నడుమ పరిచి, మళ్లీ మొదటినుంచి కుట్టుకుంటూ వచ్చాం. నూలుదారమే. పదిహేను రోజులు పట్టింది. నాలుగో మూల వదిన చేతే మూయించాను. ఆ తర్వాత ఎనిమిదో రోజు నా కూతురు పుట్టింది. మొదట ఎత్తుకున్నది వదిన, మొదట పడుకోబెట్టింది ఆ బొంత మీద. వదినకు ఆ తర్వాత కూడా పిల్లలు కలగలేదు. నా కూతురు మాత్రం ఎండాకాలం సెలవులన్నీ పెనుకొండలోనే గడిపింది, నాకంటే ఆమె మాటే ఎక్కువ వినేది. దాని మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది.

మూడో నెలలో ధర్మవరం తిరిగి వచ్చి, బిడ్డనూ బొంతనూ తీసుకుని ఓబులవ్వ దగ్గరికి పోయాను. ఆమె బిడ్డను పక్కన పడుకోబెట్టి ముందు బొంతను తిప్పి చూసింది. ఈ వరస మీ వదినది, ఈ వరస నీది అని వేలుపెట్టి చెప్పింది. ఎట్లా కనుక్కున్నావంటే, నీది ఇంకా కొంచెం బిగువుగానే ఉందంది. అప్పుడు అడిగాను, ఊళ్లో అందరినీ ఎందుకొచ్చావని అడుగుతావే, నువ్వెందుకు పట్టావు సూది అని.

"చలికి" అంది. "రొళ్లలో చలి ఎక్కువ."

అంతకుమించి ఎంత గుచ్చి అడిగినా చెప్పలేదు. అరవైల మధ్యలో ఆమె పోయింది. పోయేలోపు ఇంకో నలుగురికి నేర్పింది. నాకు మాత్రం అసలు కారణం చెప్పలేదు. ఇన్నేళ్లయినా అది నాకు లోటే.

నా గుణం మారిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రుమాలు మాట గుర్తుంది, చివరి పంక్తిలో వేసిన ఆకు గుర్తుంది. కానీ అప్పటినుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది. మనసులో పెట్టుకుని కూర్చోకుండా, ఎంత దూరమైనా పోయి అడిగేస్తాను. పదకొండేళ్ల తర్వాత ఒకరోజు, చిన్నత్త పక్కన కూర్చుని చింతకాయలు కొట్టుకుంటూ, శ్రీమంతం నాడు నువ్వు ఆ మాట ఎందుకన్నావని అడిగాను. ఆమె ఎంతో సేపు ఆలోచించి, నేనన్నానా అంది. ఆమె ఆ పూటకే దించేసుకున్న మాటను నేను పదకొండేళ్లు మోశాను. మొన్న మాఘమాసంలో మా మరిది మనవడు ధర్మవరంలో కొత్తింట్లో చేరాడు. వీధి వీధంతా పిలిచి నన్ను పిలవలేదు. మర్నాడే బస్సెక్కి పోయి, గుమ్మంలో నిలబడి ఎందుకు పిలవలేదని అడిగాను. పత్రిక పంపితే తిరిగొచ్చిందవ్వా అని, బీరువాలోంచి తీసి చూపించాడు. దాని కవరు మీద మా పాత ఇంటి నెంబరు ఉంది. నేను పూర్తిగా నమ్మలేదు. వాళ్లావిడ చాప వేసి, విస్తరి పరిచింది. కూర్చుని భోజనం చేసి, సాయంత్రం బస్సుకు వచ్చాను.